మిగతా లోకానికి ది

నాకు తెలుగు అక్షరాలు మొదలు నేర్పినయి
ఎనుమాముల మార్కెట్ల బస్తాల మీది రాతలు.
ఆ తర్వాత బిడ్డ రెండో తరగతి పుస్తకం,
ఆ తర్వాత ఫోను.
ఉర్దూ కుడి దిక్కు నుంచి నడిచిన చెయ్యి నాది,
తెలుగుల దిగితే చెప్పులు అటుదిటు తొడిగినట్టుంటది.

పాలాయనకు "రేపు పల్లు వద్దు" అని పంపిన.
తెల్లారి వచ్చి డబ్బా కింద వెట్టి
ఇకిలించి చూపిండు, ఉన్న నాలుగు.
మిర్చి సీజన్ల దినమంత తొడిమెలు తీసి
గల్లీ గ్రూపుల రాసిన:
"రెండు దినాల సంది కల్లు మండుతున్నై."
సోమనర్సయ్య సార్, రిటైరైన తెలుగు పంతులు,
అన్నం మధ్యల లేచినట్టున్నడు, అప్పుడే జవాబు:
"తల్లీ, కల్లు తాగేది. కళ్ళు చూసేవి."
గల్లీ అంత నవ్వింది. నేనూ నవ్విన.
నవ్వితే మంట ఇంకింత ఎక్కువైంది.

ళకు మా దగ్గర అక్షరమే లేదు సార్.
నాలుక కూడా చీర లెక్కనే,
మొదలు పడ్డ మడతల్నే పడతది.

"మా ఆయన ట్రాలీ ఏసుకొని పోయింది" అని రాస్తే
సార్ సూత్రం పంపిండు, నంబరు వేసి:
మగవానికి డు. మిగతా లోకానికంతా ది.
నేను, బర్రె, ఆటో, అన్నం, వాన,
అందరం ఒక్క బండిల.
మా ఇంటి మాటల మిర్చి ఆడది, బోరా మగోడు,
చాయ్ ఆడది, అది పోసుకునే ప్యాలా మగోడు.
ఇంట్ల ఎవ్వరు లేకున్న మంది ఉన్నట్టుండేది.

ఆయనకు చెప్తే స్టీరింగ్ మీద చెయ్యేసి నవ్విండు:
"నన్ను ది లనే ఉంచు, ఏమైతది?
నా ట్రాలీ పక్కన నేను నిలవడ్త."
సర్వర్ పాషా. మా ఆయన.
పేరు వెట్టి పిలవద్దంటరు పెద్దలు,
ఫోన్ల రాస్తే ఎవరు వింటరు?

ఫిబ్రవరి. ఎంజీఎం, రెండో అంతస్తు. పొద్దుగాల తొమ్మిది.
డాక్టరమ్మ ఇంగ్లీషుల చెప్పింది,
నర్సమ్మ తెలుగుల చెప్పింది,
ఉర్దూల చెప్పేటోళ్ళు ఎవరూ లేరు.
బొటనవేలుతోని రాసిన:
"సర్వర్ పోయింది."

జిరాక్స్ షాపు సమ్మయ్య వెంటనే:
"మా దగ్గర కూడా పోయిందక్కా,
షాపు తెరిచినప్పటి సంది అంతే.
పరేషాన్ కాకు, సాయంత్రానికి వస్తది."

చదివిన. మల్ల చదివిన.
అల్లా తోడు, ఒక్క నిమిషం
మగ్రిబ్‌కు ఎన్ని గంటలున్నయో లెక్కవెట్టిన.

తర్వాత సమ్మయ్యకు ఎవరో చెప్పినట్టున్నరు.
ఆయన మాట ఉన్న జాగల ఇప్పుడు
తీసేసిన గుర్తొకటి, బూడిద రంగుల.
నేను నాది తియ్యలేదు.
ఒక్క ఒత్తు పోతే ఊకోని సోమనర్సయ్య సార్
ఆ పొద్దు ఏం రాయలేదు.
చెప్పులు విడిచి వాకిట్ల శానాసేపు నిలవడ్డడు,
ఆయనకు మోకాళ్ళ నొప్పులు.

మొన్న పింఛను కాగితం నేనే రాసిన, ఎవర్నీ అడగకుండ:
నా భర్త సర్వర్ పాషా చనిపోయాడు.
డు తన జాగల తాను కూసుంది.
బిడ్డ రెండు సార్లు చదివి తప్పు లేదమ్మీ అన్నది.
తప్పు లేనందుకేనేమో
అది నేను రాసినట్టు అనిపిస్తలేదు.

కౌంటర్ల పిల్లగాడు కాగితం తీసుకొని
కంప్యూటర్ దిక్కు చూసిండు, ఏదో రెండు మీటలు కొట్టిండు,
నా దిక్కు చూడకనే అన్నడు:
"సర్వర్ పోయిందమ్మా. రేపు రా."

ఆ పిల్లగాని తెలుగుల
ఒక్క తప్పు లేదు.