పంతొమ్మిదోది

కడీనా ఊరి లైబ్రరీ వెనకగదిలో
పంతొమ్మిది పాత కంప్యూటర్లు.
ఒక్క డిస్కు నుంచే అన్నిటికీ నకలు తీశాను,
శనివారం సాయంత్రం, త్వరగా ఇంటికి పోదామని.

సోమవారం అన్నీ ఒకేసారి లేచాయి.
ఎవరు మీరని రౌటరు అడిగితే
పంతొమ్మిదీ ఒకే జవాబు చెప్పాయి.
ఒక్కరే కదా అనుకుని అది
అందరికీ ఒకే చిరునామా ఇచ్చింది.
ఇక చూడాలి,
ఒకటి నోరు విప్పితే ఇంకోటి మూగబోవడం,
బార్లీ ధర చూస్తున్న రైతు
సగం పేజీ ముందు కూచుని ఉసూరుమనడం.

"వీటిని పోల్చుకోలేకపోవడమేంటి?" అంది బెరిల్ ట్రెగెంజా.
ఆవిడకి ప్రతిదీ తెలుసు:
దీని మూల పగిలింది, దాని స్పేస్‌బార్ అరిగింది,
అదిగో దానిమీద ఎవరో టీ ఒలకబోసి
చెప్పకుండా వెళ్లిపోయారు.
రౌటరుకి కళ్లు లేవు, బెరిల్.
చెప్పిన పేరే నమ్ముతుంది.

కిందటేడు అడిలైడ్ క్లినిక్ నుంచి ఉత్తరం.
నా పేరే, నా పుట్టినరోజే.
రెండు రోజులు నా థైరాయిడ్‌కి భయపడి
చారులో ఉప్పు కూడా కొలిచి వేశాను.
మూడోరోజు ఫోన్ చేసి, పొరపాటండీ, ఆ హైమవతి వేరు అన్నారు.
హమ్మయ్య అనుకున్నాక తట్టింది:
ఆ రెండు రాత్రులూ ఆవిడ
నా ఆరోగ్యంతో హాయిగా నిద్రపోయి ఉంటుంది.

తప్పు తల్లి డిస్కులోనే దొరికింది.
ముప్పై రెండు అక్షరాల ఒక్క వరస.
చెరిపేశాను. ఫైలు మాత్రం ఉంచాను, ఖాళీగా.
ఖాళీ కనబడితే చాలు,
లేవగానే ఎవరి వరస వాళ్లే రాసుకుంటారు.
మళ్లీ నకళ్లు. మళ్లీ స్విచ్చి.
పద్దెనిమిది రాసుకున్నాయి.

పంతొమ్మిదోది నల్లతెర మీద
గీతొకటి మినుకుమంటూ ఆగిపోయింది.
ముసలిది. లోపల గందరగోళం చాల్లేదు.
ఎవరితోనూ కలవని అంకె పుట్టాలంటే
లెక్కకందని చప్పుడు కొంత కావాలి.
"ఏదో ఒకటి కొట్టు" అన్నాను.
"ఏం కొట్టను?"
"అదే. నీకూ తెలియకూడదు."

బెరిల్ కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి
కణుపులు వాచిన వేళ్లతో
రేకుల మీద వడగళ్లలా కొట్టింది.
నవ్వింది. మళ్లీ కొట్టింది.
పెట్టె లేచింది.

ఆ ముప్పై రెండు అక్షరాలూ చీటీమీద రాసివ్వమంది.
ఏం చేసుకుంటావంటే చెప్పలేదు.
మడిచి, పర్సులో
లైబ్రరీ కార్డు వెనక పెట్టుకుంది.