ఊరికే

సోమవారం నుంచి శుక్రవారం దాకా
నా మెడలో నీలం కార్డు.
శనివారం పొద్దున పసుపుపచ్చది.
రెంటి మీదా అదే ఫొటో,
అదే ఐలీ కంగాస్, అదే మెల్లకన్ను.

వాలంటీర్ల ఆఫీసులో మార్గిట్ కాగితం ముందుకు తోసింది:
"జీతానికి చేసే పని ఇక్కడ ఊరికే చేయకూడదు.
చట్టం ఒప్పుకోదు. సంతకం పెట్టు."
అంటే శనివారాలు నేను
ఊడవకూడదు, తుడవకూడదు,
చెత్తబుట్టలో సంచి మార్చకూడదు.
పందొమ్మిదేళ్లుగా నాలుగో అంతస్తుని
మాప్ కర్రతో కొలుచుకున్నదాన్ని.
సంతకం పెట్టాను.

మా సూపర్‌వైజర్ వెండెల్ నవ్వాడు:
"ఐదు రోజులు చాలవా నీకు?
ఆరో రోజు ఊరికే ఎందుకొస్తావ్?"
ఇల్లు దగ్గరే కదా అన్నాను.
ఇంట్లో హీటరు పాడైందని కూడా అన్నాను.
డులూత్‌లో ఫిబ్రవరికి అది చాలిన కారణమే.
చెప్పనిది ఒకటుంది.
ఇన్నేళ్లూ నాకు మనుషులు
వెళ్లిపోయాకే తెలుసు:
దిండులో గుంట,
మంచం కింద ఒంటరి మేజోడు,
కిటికీ గట్టు మీద సగం ఒలిచిన నారింజ.
బ్లీచ్ వాసన కింద వాళ్ల వాసన
ఓ పావుగంట ఉండి పోయేది.
ఒక్కసారైనా కాస్త ముందు వద్దామనిపించింది.

నాలుగు వందల పన్నెండు. ఒర్విల్ సుందీన్.
ఇనుప ఖనిజం మోసే ఓడల్లో వంటవాడు,
నలభై ఒక్క సీజన్లు.
దగ్గరివాళ్లు అన్నచోట చార్టులో ఒక గీత.
ఆయన మాత్రం ఓడల పేర్లు చెబుతాడు
అక్కచెల్లెళ్ల పేర్లు చెప్పినట్టు,
ఎవరికి ఎంత కోపమో, ఎవరు పొగ ఎక్కువ వదిలేవారో.
కిటికీలో సరస్సు.
మంచు పగిలిన చోట నీళ్లు నల్లగా.
హారన్ ఏదైనా వినబడితే
దుప్పటి కింద ఆయన కుడిచేయి
గుండ్రంగా దేన్నో కలుపుతుంది.
సూపో, పిండో, అడగలేదు.

మూడో శనివారం ఆ చేయే తగిలి
కాఫీ కప్పు కింద పడింది.
లేచాను. చేతులు ఊరుకోవు కదా.
మాప్ గది నీలం కార్డుకే తెరుచుకుంటుంది.
అది ఇంట్లో, కోటు జేబులో.
పసుపు కార్డు గుండెల మీద ఊగింది.
అందుకని నిలబడ్డాను
కాఫీ మడుగుకి అటో కాలు ఇటో కాలు వేసి,
నర్సులెవరూ జారకుండా,
యోడిట్ బండి తోసుకుంటూ వచ్చేదాకా,
పదకొండు నిమిషాలు.
యోడిట్ కొత్త పిల్ల. మూలలు వదిలేసింది.
నేనేమీ అనలేదు.
ఆ గదిలో నేను చేసిన కష్టమైన పని అదొక్కటే.

ఒర్విల్ నవ్వుతూ దగ్గాడు, దగ్గుతూ నవ్వాడు.
"కూర్చో అమ్మాయ్," అన్నాడు
యాభై ఎనిమిదేళ్ల నన్ను పట్టుకుని,
"ఊరికే కూర్చో."

కూర్చోవడం నాకు రాదు.
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో,
ఎదుటి మనిషి ఊపిరి లెక్కపెట్టకుండా ఎలా ఉండాలో
ఒక్కొక్కటే నేర్చుకున్నాను.
నాలుగో శనివారానికి కొంచెం వచ్చింది.

సోమవారం ఆరుంపావుకి
వెండెల్ చీటీ అందించాడు:
నాలుగు వందల పన్నెండు, పూర్తి శుభ్రం.
ఆదివారం రాత్రట. ఆ రాత్రి కుర్చీలో ఎవరున్నారో
చీటీలో రాయరు.

దుప్పటి తీశాను. మంచం పట్టీలు తుడిచాను.
మూలలకి గుడ్డ చుట్టిన వేలు పెట్టాను.
మంచం చక్రం వెనక కాఫీ మరక,
ఎండి, నాణెమంత.
దాని దగ్గర చేయి ఆగింది.
కుర్చీ లాక్కుని
నీలం కార్డుతోనే కూర్చున్నాను.
కిటికీలో ఓడ ఏదీ లేదు.
జీతం గంటలోంచి నాలుగు నిమిషాలు.

తలుపులో వెండెల్.
"ఏమైంది?"
"ఊరికే," అన్నాను.

గోడ గడియారం వంక చూశాడు.
లోపలికొచ్చి
చెత్తబుట్టలో సంచి తనే మార్చి,
ముడి సరిగ్గా వేయకుండానే వెళ్లిపోయాడు.

మరక మధ్యాహ్నం తుడిచాను.