నల్ల ముక్కలు

పదిహేడేళ్ళుగా ఈ బల్ల దగ్గర
నా చేతులకే మాట్లాడే హక్కు, నోటికి లేదు.
నెవాడాలో ఎల్కో అనే ఊరు. బంగారు గని బస్సులు ఆగేచోట
ఆరు బల్లల పేక గది. మూడో బల్ల నాది.
కలుపుతాను, కోస్తాను, పంచుతాను.
చూసేది ముక్కల్ని కాదు, వేళ్ళని.

రస్టీ పందెం పెట్టడు, చల్లుతాడు.
కోళ్ళకి నూకలు విసిరినట్టు కుప్పలోకి చిప్పులు విసిరి
"లెక్కపెట్టుకో, గ్రాసియానా" అంటాడు.
ఇమోజిన్ పక్కన వేపుడు కోడిరెక్కల ప్లేటు.
ఆవిడ పట్టుకున్న రాణి మొహమంతా జిడ్డు,
పదింటికల్లా పేక మొత్తం మిరియాల వాసన.
బ్రేడెన్‌కి చెవుల మీద డిప్పలు, కళ్ళకి నల్లద్దాలు.
రెండు డాలర్ల పందేనికి
పెళ్ళిసంబంధం తేల్చుకున్నంత ఆలోచన.
నీ వంతు అని చెప్పాలంటే
అతని ముందు బల్ల మీద తట్టాలి,
నిద్రపోయేవాడి తలుపు తట్టినట్టు.

ఇక కర్టిస్. నోట్లో నువ్వుగింజ నానదు.
ముక్కలు పారేసినవాడు ఊరుకోవాలి కదా,
బల్ల మీద మూడు ముక్కలు పరవగానే
నుదురు కొట్టుకుని "అయ్యో, పారేశానే!"
ఇంకా ఆటలో ఉన్నవాళ్ళకి
లేనివాడి చెయ్యంతా తెలిసిపోతుంది.
ఓడితే తప్పు నాది.
ఆడలేక మద్దెల ఓడన్నారే, ఆ మద్దెలని నేను.
కొత్తవాడెవడైనా తప్పాడి గెలిస్తే
"ఆ ముక్కలతో ఎవడైనా ఉంటాడా?" అని పాఠం మొదలు.
ఉంటారయ్యా.
వాళ్ళు ఉండబట్టే కదా నువ్వు వస్తున్నావు.

వీటన్నిటికీ క్షమాపణ ఉంది ఈ గదిలో.
ఒక్కదానికి లేదు:
గెలిచే ముక్కలు గుప్పిట్లో దాచుకుని
ఎదుటివాడి మొహం వెలిగేదాకా ఆగి
అప్పుడు తీరిగ్గా తిప్పడం.

మొన్న శనివారం, బయట మంచు,
కర్టిస్ మూడు రాజులు చూపించాడు.
ఎదురుగా లమార్. ఎనభై ఒకటి. గనిలో ట్రక్కు తోలినవాడు.
బల్ల మీద మూడు ఇస్పేట్లు.
లమార్ తన రెండు ముక్కలూ పైకెత్తాడు, దీపం కిందికి తెచ్చాడు,
దూరం పెట్టాడు, మళ్ళీ దగ్గరికి.
కర్టిస్ అప్పటికే కుప్ప మీద చేతులు వేశాడు.

ఇస్పేటుకీ కళావరుకీ తొడిమ ఒకటే.
పైన ఉన్నది ఒక్క ఆకా, మూడా,
అది చూడాలి.
లమార్ బొటనవేలు ఆ గుర్తు చుట్టూ తడుముతోంది,
గీత ఉబ్బెత్తుగా ఉంటుందేమోనన్నట్టు.
నాకు తెలుసు. చెప్పకూడదు.

చివరికి తిప్పాడు. ఇస్పేటు ఆసు, ఇస్పేటు ఆరు.
చూసింది కర్టిస్ వైపు కాదు, నా వైపు.
నేను కుప్పని అతని వైపు తోశాను.
బల్లంతా లేచింది.
"సిగ్గుండాలి!" అంది ఇమోజిన్, రెక్క చేత్తో పట్టుకునే.
బ్రేడెన్ కూడా డిప్పలు తీశాడు.
"ఏడిపిద్దామనే" అన్నాడు లమార్,
చిప్పులు పేర్చుకుంటూ. ఎరుపు మీద ఎరుపు,
మధ్యలో ఒక నీలం.

విరామంలో మేనేజరు దగ్గరికి వెళ్ళాను.
పెద్ద అక్షరాల పేక కావాలి, నాలుగు రంగులది,
కళావర్లు ఆకుపచ్చగా ఉంటాయే, అది.
ఎవరికి?
నాకే. కళ్ళు లాగుతున్నాయి.
అతను కాగితం మీద రాసుకున్నాడు:
డీలరుకి చూపు తగ్గింది.

ఈ శనివారం కొత్త పేక విప్పాను.
"ముసలిదానివైపోయావు" అన్నాడు కర్టిస్.
చేతులు కలుపుతున్నాయి, కోస్తున్నాయి.
తొమ్మిదింటికి లమార్ తన ముక్కలు టపీమని తిప్పేశాడు.
రెండు అయిదులు. పచ్చది ఒకటి, నల్లది ఒకటి.
ఓడిపోయాడు.
ఎంత తొందరగా ఓడిపోయాడో!