తుడిస్తే పోని చుక్క

ఫారంలో రెండు గళ్ళు.
ఎడమన గుణాలు, కుడిన దోషాలు.
సోమవారానికల్లా కాకినాడ చేరాలి.
నాలుగు రోజులుగా నా పెన్ను
రెండింటి మధ్య గీత మీదే నడుస్తోంది.

పిస్తోలు గొట్టం కింద
అగ్గిపెట్టెలో సగం ఉంటుంది, అంతే.
గుబ్బల ఏసుదాసు గారు, మా ఆర్మరర్,
రిటైర్మెంటుకి ఏడు నెలలున్న మనిషి,
దాన్ని బిగిస్తూ అన్నారు:
"ముప్పై మూడేళ్ళు రెండు కళ్ళతో గురి నేర్పానమ్మా.
ఇది మూడో కన్నంట.
తెరిస్తే ఎవడు బూడిదవుతాడో చూద్దాం."

మొదటి రోజు గోడ మీద చుక్క
గట్టున పడ్డ చేపపిల్లలా కొట్టుకుంది.
నా చెయ్యి ఇంత వణుకుతుందని
పదకొండేళ్ళ సర్వీసులో ఎవరూ చెప్పలేదు.
ట్రిగ్గర్ లాగే ముందు వేలు చేసే చిన్న మోసాన్ని
సున్నం మీద ఎర్రగా రాసి చూపించింది.
గుండు ఖర్చు లేదు, చప్పుడు లేదు.
వారం తిరిగేసరికి చుక్క నిలబడింది.
ఎడమ గడిలో రాశాను.
దస్తూరి కూడా బాగానే వచ్చింది.

తర్వాత రేంజి,
వైనతేయ ఒడ్డున సరుగుడు తోట వెనక.
మిట్టమధ్యాహ్నం, ఇసుక మండిపోతోంది.
బోర్డు మీద ఎండ, ఎండ మీద ఎండ,
చుక్క ఎక్కడుందో చుక్కకే తెలీదు.
నేను వెతుకుతూనే ఉన్నాను.
ఏసుదాసు గారు పాత ఇనప గురితో
ఆరు గుండ్లూ కొబ్బరిచిప్పంత చోట దించి
"ఎతుక్కునేవోడికి గురుండదమ్మా" అన్నారు.
పదిహేను గజాలకి సరిచేసింది
ముప్పై గజాలకి అబద్ధమాడుతుంది,
చుక్క ఒకచోట, చిల్లు ఒకచోట.
ఇక్కడి గాలికి అద్దం చెమరుస్తుంది,
ఉప్పు పట్టిన స్క్రూ తిరగనంటుంది,
బ్యాటరీ చెప్పి చావదు.
కుడి గడి నిండిపోయింది. అక్కడా ఇబ్బంది లేదు.

ఆయుధాల గదిలో ఓ పిల్లికూన,
వీపంతా గ్రీజు మరకలు.
ఖాళీ పిస్తోలే, మూడుసార్లు చూశాకే,
హోంగార్డు చిన్నారావు నేల మీద చుక్క ఆడించాడు.
కూన ఎగిరి పట్టింది, పంజా ఎత్తి చూసింది,
చుక్క పంజా మీదే ఉంది.
అందరం నవ్వాం.
ఏసుదాసు గారు పిస్తోలు లాక్కున్నారు.
"చుక్కకి తోకుంటదిరా.
తోకట్టుకు పోతే గొట్టముంటది."

ఆ గురువారమే,
ఉప్పలగుప్తం దారిలో రొయ్యల చెరువులు.
ఏరియేటర్ మోటార్లు పోతున్నాయని ఫిర్యాదు.
రాత్రి మూడున్నర, మంచు.
గట్టు మీద ఒకడు వంగి ఉన్నాడు,
చేతిలో ఏదో ఇనుము.
అరిచాను. మీట నొక్కాను.
మంచులో చుక్క చుక్కగా ఆగలేదు.
ఎర్రదారమైంది:
ఒక కొస వాడి చొక్కా జేబు మీద,
రెండో కొస నా చేతిలో.
చీకట్లో ఇంకెవడైనా నక్కి ఉంటే
నన్ను వెతుక్కునే పని లేదు.

వాడు కిందికి చూసుకున్నాడు.
అరచేత్తో తుడుచుకున్నాడు,
కిళ్ళీ మరకనుకున్నాడో, మిణుగురనుకున్నాడో.
చుక్క చేతి మీదికెక్కింది.
చేతిని లుంగీకి రుద్దాడు.
అప్పుడు తెలిసింది వాడికి.
పానా చెరువులో పడ్డ చప్పుడు.

ఓలేటి ధనరాజు, పంతొమ్మిదేళ్ళు, చెరువు కాపలా.
"చేతులు దించొచ్చాండీ?
మోటారు ఆగిపోయిందండీ,
తెల్లారేసరికి రొయ్య తేలిపోద్దండీ."

గుండు పేలలేదు.
ఎడమ గడిలో రాయాల్సిన మాటే.
కానీ టార్చి నా నడుముకే ఉంది.
చుక్క లేకపోతే ముందు దాన్నే తీసేదాన్నేమో.
చుక్క లేకపోతే, ఆ చీకట్లో, భయంతో,
ఇంకోటి కూడా చేసేదాన్నేమో.
ఏది నిజమో ఏ గడిలో రాయను?

"టార్చి ముందు, చుక్క తర్వాత.
అచ్చుతప్పుల్లేకుండా అది రాయి చాలు"
అన్నారు ఏసుదాసు గారు, పెట్టెకి లక్క వేస్తూ.
రాశాను. సంతకం పెట్టాను.

నిన్న అమలాపురం బస్టాండులో ధనరాజు కనబడ్డాడు.
మోటారు బాగైందన్నాడు, రొయ్య నిలబడిందన్నాడు.
నవ్వుతూనే ఉన్నాడు.
మాట్లాడినంతసేపూ వాడి చెయ్యి
చొక్కా జేబుని
తుడుస్తూనే ఉంది.