పదకొండు ఖాళీ గడులు

షార్లరువాలో సీసాల ఫ్యాక్టరీ మూతపడ్డాక
దాని క్యాంటీన్ మాకు అద్దెకిచ్చారు.
గోడ మీద ఇంకా సూపు ధరలున్నాయి.
ఫిబ్రవరి. కిటికీలోంచి చూస్తే
బొగ్గు తోడగా తోడగా పెరిగిన నల్ల గుట్ట,
నెత్తిన మాత్రం మంచు,
ఆలస్యంగా తల పండినవాడిలా.

నేను టేపు తిప్పేవాణ్ణి.
సంగీతం రాదు. కానీ
ముల్లు ఎరుపులోకి వెళ్తే
ఎంతటివాణ్ణయినా ఆపే అధికారం నాది.

ఫెర్నాండ్ రాసుకొచ్చిన కాగితాలు సబ్బు వాసన వేసేవి.
వాళ్ళమ్మ లాండ్రీలో, ఇస్త్రీ బల్ల మీద రాసేవాడు.
పదమూడు దెబ్బలకి ఒక ఊపిరి, ఆ తర్వాత తొమ్మిదికే ఇంకొకటి;
చీకట్లో ఎత్తు తెలియని మెట్లు.
డ్రమ్ముల వెనక రెమాక్ల్
వడ్డీ లెక్కలు కట్టేవాడిలా పెదాలు కదుపుతూ
'ఈ తాళం తెరుచుకోదయ్యా' అని విసుక్కుంటే,
గిస్లెన్ బసూన్ నోట్లోంచి తీసి
'చెవి పెట్టి చూడు' అంది.

ఒడిల్ వేరు.
పదేళ్ళు కళాశాలలో చెల్లో నేర్చింది.
రాయని స్వరాన్ని ఆమె విల్లు తాకి ఎరగదు.
కాగితం మీద కాఫీ చుక్క పడితే
అదీ వాయించేస్తుందని యూబెర్ వెక్కిరింత.

మూడో ముక్క. పన్నెండో పేజీ.
అక్కడ ఫెర్నాండ్ ఏమీ రాయలేదు.
పదకొండు గడులు, ఖాళీ.
కింద పెన్సిల్‌తో: ఒడిల్.
అంతే.

టేపు తిరుగుతోంది.
హార్మోనియం సన్నగా సాగి ఆగిపోయింది.
యూబెర్ బేస్ గిటార్ తీగల మీద అరచెయ్యి ఆన్చాడు.
ఒడిల్ విల్లు గాల్లో ఉంది.
ఒకటో గడి. రెండోది.
గడులు కావు, గదులు అనిపించింది నాకు.
సామాను తీసేసిన ఇంట్లో
ఒక్కో తలుపూ తోసుకుంటూ పోతోంది ఆ పిల్ల,
ఎక్కడా కూర్చోడానికి కుర్చీ లేదు.
నా వేలు మీట మీదకి వెళ్ళింది.
టేపు ఖరీదు మరి.

చెల్లో పెట్టె మోసుకొచ్చి
మూల బెంచీ మీద కూర్చున్న వాళ్ళ నాన్న,
ముప్పై రెండేళ్ళు గనిలోకి దిగినవాడు,
అప్పుడు దగ్గాడు.

ఊరికే దగ్గు కాదు.
అడుగున ఎక్కడో బొగ్గు బండి ఒకటి పట్టాల మీద బయల్దేరి
పైకి వస్తూ వస్తూ
సగంలో నిలిచిపోయే దగ్గు.
చిన్నప్పుడు గోడవతల అది వింటూ
రాత్రి ఎంతయిందో చెప్పగలిగేదట ఒడిల్.

ఆమె తల తిప్పలేదు.
అన్నిటికంటే కింది తీగ బిరడాను
వాయిస్తూనే వదులు చేసింది.
శ్రుతి జారింది, ఇంకా జారింది,
ఆ దగ్గు ఉన్న లోతుకి దిగి
అక్కడ నిలబడింది.
రెమాక్ల్ కర్రలు కింద పెట్టి
పెద్ద డ్రమ్ము తోలుని గోళ్ళతో గీరాడు.
బసూన్ ఒక మాట అనబోయి
మానుకున్నట్టు పలికింది.
పదకొండు ఎప్పుడు దాటాయో
ఆ లెక్కల మనిషికే తెలీదు.
తొమ్మిది నిమిషాలు.
ముల్లు రెండుసార్లు ఎరుపులోకి వెళ్ళింది.
చూడనట్టు ఊరుకున్నాను.

ఆగాక ఎవరూ ఏమీ అనలేదు.
ముసలాయన టోపీ నలుపుకుంటూ
'నా వల్ల పాడైందా?' అన్నాడు.

అయిదు వందలు అచ్చు వేయించాం. నూట నలభై అమ్ముడుపోయాయి.
మిగిలినవి యూబెర్ వాళ్ళ నేలమాళిగలో
సాంబ్ర్ నది పొంగినప్పుడు ఉబ్బిపోయాయి.
అట్ట మీద అందరి పేర్లూ వాయిద్యాలూ ఉన్నాయి,
నా పేరులో ఒక అక్షరం తప్పు.
ఆయన పేరు లేదు.

నా ప్రతి ఎవరో తీసుకెళ్ళి ఇవ్వలేదు.
నిన్న పాత సామాన్ల సంతలో ఇంకోటి దొరికింది,
అట్ట మీద ఎవరిదో టీ కప్పు గుండ్రం.
ఇంటికి తెచ్చి సూది దింపాను.
హార్మోనియం ఆగింది.
ఒకటో గడి.
కుర్చీ కిర్రుమనకుండా
ఊపిరి బిగబట్టి కూర్చున్నాను,
ఇంకా రికార్డవుతోందేమోనని.