బాగున్న గొడుగు

వాల్దీవియాలో వాన ఎప్పుడాగిందని ఎవరూ అడగరు,
ఆ ఊరి వాన మీదే బతుకుతోంది నా కొట్టు.
చేపల బజారు వెనక,
సముద్ర సింహాలు ఎంగిలి తలకాయల కోసం అరిచే వైపు,
ఓ మనిషి అడ్డంగా పడుకుంటే నిండిపోయేంత జాగా.
ముప్పై ఒక్క ఏళ్లుగా గొడుగులు బాగుచేస్తున్నాను.
చువ్వ ఎటు వంగిందో చూసి
ఆ ఇంట్లో గాలి ఎటు వీస్తుందో చెప్పేస్తాను.

ఎర్సీలియా తెచ్చిన గొడుగుకి ఏమీ కాలేదు.
విప్పి చూశాను, మూసి చూశాను,
ఎనిమిది చువ్వలూ నిక్షేపంలా ఉన్నాయి.
"ఏమయింది దీనికి?"
"ఏమో. సరిగా లేదు" అంది
గొడుగు వైపు చూడకుండా.
మళ్లీ మంగళవారం వచ్చింది. అదే గొడుగు.
ఆ పై మంగళవారమూ అదే.

అప్పుడు నేనే అడిగాను, పళ్ల మధ్య దారం పెట్టుకుని:
"కొడతాడా?"
"లేదు."
"తాగుతాడా?"
"ఆపిల్ రసం తాగుతాడు."
"మరింకేం?" అన్నాను.

ఆ మాట ఇప్పటికీ నా గొంతులో చేపముల్లు.

గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.
రెండు మంగళవారాలు వాన వచ్చింది, ఆవిడ రాలేదు.
ఆఖరికి ఆల్చిప్పలమ్మే కుర్రాడితో కబురంపాను:
నీ గొడుగు సిద్ధంగా ఉంది, వచ్చి పట్టుకెళ్లు.
గొడుగు ఆవిడ దగ్గరే ఉందని
ఇద్దరికీ తెలుసు.

తడిసి ముద్దయి వచ్చింది, ఉత్త చేతులతో.
పొయ్యి పక్కన పీట వేశాను.
నా పని నేను కుట్టుకుంటూ కూర్చున్నాను,
ముఖంలోకి చూస్తే నోరు పెగలదు కొందరికి.

పొయ్యిలో ఎన్ని కట్టెలు వేసిందో సాయంత్రం లెక్కపెడతాడట.
తానన్న మాట అననే లేదంటాడట,
ఆవిడ అనని మాట అన్నావంటాడట,
"పాపం, నీకు మతి నిలవదు" అని నుదురు నిమురుతాడట.
ఓసారి పందొమ్మిది రోజులు పలకలేదు.
ఇరవయ్యో రోజు ఉప్పందుకోమంటే
సంతోషంతో ఏడ్చింది.
"ఉప్పు అడిగినందుకు, ఉబెర్లిండా!
ఉప్పు!"

రొట్టెల కొట్టు రసీదుల వెనక
తేదీలు రాసుకుంది, చీమల్లాంటి అక్షరాలు.
ఎవరికో చూపించడానికి కాదు,
రాసుకోకపోతే తెల్లారేసరికి తనే నమ్మదట.

నేను పాపం అనలేదు.
ఆ మాట అతను వాడేశాడు.
"నమ్ముతున్నాను" అన్నాను.
ఆ ఒక్కమాటకే ఎంతసేపు వణికిందో.

మూసిన గొడుగు మడతల్లో ఎంత పడుతుందో
ఇన్నేళ్లకి నేర్చుకున్నాను:
పిల్లాడి జనన పత్రం,
వాళ్లమ్మ కత్తెర, చుట్టచుట్టిన నోట్లు,
ఒక వారం ఎడమ మేజోడు, మరుసటి వారం కుడిది.
విశ్వవిద్యాలయంలో డబ్బు తీసుకోని లాయరు పిల్ల ఉంది,
గోళ్లు కొరుక్కుంటుంది, అయినా మంచిది.
దెబ్బ కనపడని దానికి చట్టంలో పేరుందని చెప్పింది.
ఎర్సీలియా ఆ పేరు మూడుసార్లు పలికించుకుంది.

ఒసోర్నో బస్సెక్కే ముందు
"మళ్లీ వెనక్కొచ్చేస్తానేమో" అంది.
"వస్తే రా. కొట్టు తీసే ఉంటుంది" అన్నాను.
ఇంతకంటే మంచి జవాబు ఉండే ఉంటుంది,
నాకు తోచలేదు.

నాలుగో రోజు అతనొచ్చాడు. టోపీ తీసి నమస్కరించాడు.
ఖరీదైన గొడుగు, పగులు లేని పిడి.
"నా భార్య ఇక్కడికి తరచూ వచ్చేది కదా?"
విప్పాను, మూశాను, చేతిలో పెట్టాను.
"దీనికేమీ కాలేదు. తీసుకెళ్లండి."
ఆయన నిలబడే ఉన్నాడు. నేను కుడుతూనే ఉన్నాను.
వేలికి రెండుసార్లు సూది గుచ్చుకుంది.

నిన్న ఫోనొచ్చింది.
అక్కడా వానేనట. పిల్లాడికి జలుబట.
వాళ్ల పిన్ని ఇల్లు ఇరుకట, గొణుగుతుందట.
"రాత్రి పొయ్యిలో ఎన్ని కట్టెలు వేశానో
గుర్తే లేదు" అంది,
అని
ఆగింది, నవ్వింది.