ఉస్మానియా బిస్కెట్ల డబ్బ

పొద్దున్నే ఆశా సునంద వచ్చింది,
రిజిస్టర్ సంకన పెట్టుకొని.
"ఇగనన్న తియ్యి పెద్దమ్మా ఆ డబ్బ" అన్నది.
గూట్లకెంచి దించిన.
ఎనిమిది నెలలాయె మూత తియ్యక,
తుప్పు వట్టి పండ్లు గిట్టకరుచుకున్నది.
చెంచ పెట్టి లేపితే
గుప్పున మర్రిగూడ దవఖాన వాసన.

నాకు అచ్చరాలు రావు.
ఆమె అట్టలు ఎనకకు తిప్పి
బడిల హాజరు పిలిచినట్టు
తారీఖులు చదువుతున్నది.
ఇది పోయిన మిరుగానికే అయిపోయింది.
ఇది బతుకమ్మ నాటికి.
ఇదైతే పెద్దమ్మా, కరోన కంటె ముందటిది.
గోళీకి సుత పుట్టిన తారీఖు, పోయే తారీఖు
అట్ట మీదనే గుద్దుతరట.
మా ఎల్లేశానికి ఎవలు గుద్దలే.

తెల్లయి బొక్కల నొప్పులకు.
పచ్చయి, తెల్లయి మింగితే లేచే కడుపుల మంటకు.
ఎర్ర సీస దగ్గుకు, సగం పాకం గట్టింది.
ముప్పై ఏండ్లు బోరింగు నీళ్లు తాగిన మనిషి.
వంగిన నడుము వంగినట్టే ఉండె,
పక్కకు చూడాలంటే మనిషే తిరిగెటోడు.
నీళ్లయితే తేటగనే ఉండె.
రంగు లేదు, వాసన లేదు.
మాకేం ఎరుక.

అందుకే సునంద "మోరీల పొయ్యొద్దు" అంటుండంగనే
ఆ ముచ్చట నాకు చెప్పకు బిడ్డా అన్న.
నీళ్లల్ల కండ్లకు కనవడకుంట ఏముంటదో
ఈ ఊరి మోకాళ్లను అడుగు.

పెంటకుప్పల ఏసుడు సుత వద్దట.
మొన్న బుగ్గయ్య కోడలు ఏసింది,
వాళ్ల మేకపిల్ల అట్టతోని సహ నమిలి
రెండు పొద్దులు నిద్రవోయింది,
లేచినంక తల్లిమేకనే గుర్తువట్టలే.
నవ్వినం.
గని బుగ్గయ్య మనుమరాలు
చిన్న గురిగిల ఉత్తుత్తి బువ్వ వండేది
ఆ కుప్ప పక్కనే.

పొయ్యిల ఏస్తే అట్టల పొగ.
మిగిలినయి ఇంకొకలకు ఇద్దామంటే
వాళ్ల రోగం పేరు గోళీకేం తెలుసు.

"మరెట్ల?"
"చాయపత్త పిప్పి ఉన్నదా? బూడిద?"
అవ్వి లేని ఇల్లుంటదా.
అట్టల్లకెంచి ఒక్కొక్కటి ఒత్తి తీసినం.
నూరొద్దు, దుమ్ము ముక్కులకు పోతదన్నది.
పాల కవర్ల బూడిద, తడి పిప్పి,
అండ్లనే గోళీలు, అండ్లనే ఎర్ర సీస వొంపి
కట్టెతోని కలిపిన.
పిల్లి సుత మూతి పెట్టదు.

డబ్బ అడుగున ఏందో మడతలు.
బస్సు టికెట్లు.
దేవరకొండ, దేవరకొండ, నల్లగొండ.
ఒక్కో టికెట్ల ఒక్కో సగం గోళీ.
పూటకొకటి మింగుమన్నడు డాక్టరు,
సగమే మింగినవా నువ్వు?
సునంద పట్టి చూసి, నొప్పులయే అన్నది.
యాదికొచ్చింది.
నా మోకాలు గుంజిన రాత్రి
"గూట్ల ఉన్నది, సగమేస్కో" అన్నవు.
నీ గోళీ నాకెందుకని కసురుకున్న.

ఇరవై మూడు.
రెండుసార్లు లెక్కవెట్టిన.
ఒక్కటి నాలిక మీద పెట్టుకుందామనిపించింది,
నొప్పికి కాదు.
సునంద ఏమనలే,
రిజిస్టర్ల ఏదో రాసుకున్నట్టు చేసింది.
ఇరవై మూడూ బూడిదల ఏసిన.
టికెట్లు ఉంచుకున్న.

చీటీల మీద పేరు గీకెయ్యమన్నది.
ఏది పేరో నాకేం తెలుసు?
ఏలు పెట్టి చూపెట్టింది.
ఆయన పేరు ఎంత పొడుగుంటదో
ఇన్నేండ్లకు మొదటిపారి చూసిన.
పిన్నీసుతోని గీకుకుంట పోయిన
చివర నుంచి ముందుకు.
మొదటి అచ్చరం
మూడు పండ్ల దువ్వెన తీరుగున్నది.
అదొక్కటి గీకలే.

కవరు మూతి బిగ్గ ముడేసిన,
దానికి ఇంకో కవరు తొడిగిన.
పంచాయితి ట్రాక్టరు వచ్చింది.
పిలగాడు సైదులు చేతుల ఊపి చూసి
"ఏముందవ్వా, గింత బరువు?"
"బూడిద" అన్న.

డబ్బ తోమి ఎండకు పెట్టిన.
చక్కెర పోసుకుందామని.
మూడొద్దులాయె,
చీమలు దాని దాపుకు సుత వస్తలేవు.